పడవ మీది పేరు

నా భార్య పోయి, ఆమె పేరు పలకడమే కష్టంగా ఉన్న రోజులవి. కావలి నుంచి నెల్లూరు పోయే బస్సులో ఒకడు నా పక్కన కూర్చున్నాడు. జువ్వలదిన్నెలో పడవ ఉందట. విడాకుల కేసు తేలేదాకా అతని భార్య మనోవర్తి అడిగిందట. ఇచ్చుకోలేనని చెప్పడానికి కోర్టుకు పోతున్నాడు.

"పడవ తమ్ముడి పేరున రాసేసినా అన్నా. ఇప్పుడు నేను కూలోణ్ణి," అని తొడుక్కొచ్చిన మాసిన చొక్కా చూపించి నవ్వాడు. "బిడ్డనేసుకుని పుట్టింట్లో ఉండాది. ఎన్నాళ్లు పస్తుంటాదో చూస్తా."

"పడవకు పేరేం పెట్టావు?"

"దాని పేరే. పెళ్లైన ఏడు రాయించినా."

"చెరిపేశావా మరి?"

ఉలిక్కిపడ్డాడు. "అమ్మో! పేరు చెరిపితే వల ఖాళీగా వస్తాదన్నా."

ఆమె పేరుతో వేటకు పోతాడు, ఆమెకు అన్నం మాత్రం పెట్టడు. బస్సులో ఇంకో సీటు ఖాళీ లేదు. అయినా లేచి, నెల్లూరు దాకా నిలబడ్డాను.