పది ముడుల నారతాడు

మొన్న బజారు నాడు మా కోంటాలో పోలీసులు షామియానా కట్టి, కుర్చీలు వేసి, పోలీసులు ప్రజల మిత్రులని హిందీలో రాసిన పెద్ద బట్ట ఒకటి వేలాడదీసి సభ పెట్టారు. సంస్థానం కాలంలో ఠాణాలో పనిచేసినవాళ్లలో ఇంకా ఊపిరితో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, కర్ర పోటు వేసుకుంటూ పోయిన నాకు దండ వేసి, ఆ రోజుల్లో జనానికి పోలీసుల మీద ఎంత నమ్మకముండేదో నాలుగు మాటలు చెప్పమని మైకు ముందు నిలబెట్టారు. నమ్మకం అన్న మాట చెవిన పడగానే మైకు వదిలేసి కుర్చీలో కూలబడ్డాను. ఎవరో నీళ్లు తెచ్చారు, ఎవరో కండువాతో విసిరారు, పాపం ముసలాయనకు ఎండ తగిలిందన్నారు. ఎండా లేదు, గిండా లేదు. నా కడుపులో ఇన్నేళ్లుగా మగ్గుతున్న సంగతి ఒకటుంది, కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. మీరంతా నా ఈడు వాళ్లు, నన్ను తిట్టే అర్హత ఉన్నవాళ్లు గనక మీతో చెప్పుకుంటున్నాను.

అది బస్తరు రాజ్యం. నాకప్పుడు పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. భద్రాచలంలో బడి చదువు ముగించి, నాలుగు ముక్కలు హిందీ కూడా వంటబట్టించుకున్న నన్ను, కోంటా ఠాణాలో జమాదారుగా ఉన్న మా మేనమామ అక్కడే రాతపని చూసే మున్షీగా పెట్టించాడు. మట్టి గోడలు, పెంకుల కప్పు, టేకు దుంగలు అడ్డంగా బిగించిన పట్టుకొచ్చినవాళ్లను మూసిపెట్టే చిన్న హవాలాతు గది, ఇదీ మా ఠాణా. ఉన్నది మహా అయితే పది మంది సిపాయిలు, చూసుకోవలసింది రోజుల తరబడి నడిచినా తరగని అడవి. అందుకని అసలు పోలీసు పని చేసేది మేము కాదు, ఊరికొకడుండే కొత్వార్. ఊరికి కావలి వాడే, ఠాణాకు కబురు వాడే. వారానికొకసారి వచ్చి ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, పులి ఎవరి గొడ్డును ఎత్తుకుపోయింది, కొత్త మనిషి ఎవడొచ్చాడు అని చెబితే నేను రాసుకునేవాణ్ణి. చదువురాని ఆ కొత్వార్లు ఒక్కొక్కడు చెప్పే తీరు చూసి, నేనేదో గొప్ప విద్వాంసుణ్ణనుకుని లోలోపల నవ్వుకునేవాణ్ణి. ఆ నవ్వు నాకెంత ఖరీదైందో మీకే తెలుస్తుంది.

ఠాణా నుంచి ఎవరికైనా రమ్మని కబురు పంపాలంటే హిందీలో సమను రాసి, తారీఖు వేసి, ముద్ర కొట్టి ఇచ్చేవాళ్లం. కానీ ఆ కాగితం చదవగలవాడు అటువైపు ఊళ్లలో ఒక్కడూ లేడు. అందుకని కాగితంతో పాటు అడ్డాకు తీగ నారతో పేనిన సన్నటి తాడొకటి, దానికి కొన్ని ముడులు వేసి పంపడం ఆనవాయితీ. వాళ్ల పండుగలకూ పెళ్లిళ్లకూ వాళ్లు ఎప్పటినుంచో చేసుకునే పద్ధతే అది, సర్కారు అరువు తెచ్చుకుంది. రోజుకొక ముడి విప్పుతారు, ఆఖరి ముడి విప్పిన నాడు చెప్పిన చోట ఉంటారు. ఆ తాళ్లు వేసే పని మా మామది. నేను సమను రాయడం వరకే, తాడు వైపు కన్నెత్తి చూసేవాణ్ణి కాదు, అది చదువురానివాళ్ల పని కదా అని.

ఇప్పపూలు రాలే రోజుల్లో ఒక కేసు వచ్చింది. ఒక వ్యాపారి బండెడ్లు రెండు తప్పిపోతే, అందులో ఒకటి జగర్గుండా వైపు ఊళ్లో ఒక రైతు ఇంటి ముందు కట్టేసి కనిపించింది. అతన్ని పట్టుకొచ్చి హవాలాతులో వేశారు. అడవిలో దారి తప్పి తిరుగుతుంటే పులి పాలవుతుందని తోలుకొచ్చానని, ఆ సాయంత్రమే ఊరిపెద్ద అయిన తన అన్నకు చెప్పానని, కొత్వార్ ఠాణాకు పోయేటప్పుడు తోలిద్దామని అన్నే అన్నాడని అతను మొత్తుకున్నాడు. అతని మాట నిజమని మాకందరికీ తెలుసు. ఆ అన్న వచ్చి మేజిస్ట్రేటు ముందు ఒక్క మాట చెబితే వదిలేస్తారు. మేజిస్ట్రేటు జగదల్‌పూర్ నుంచి తిరుగుతూ పదో రోజున మా ఊరికి వస్తాడు, ఒక్క దినం కూర్చుంటాడు, వెళ్లిపోతాడు. ఆనాటికి సాక్షి రాకపోతే ముద్దాయిని జగదల్‌పూర్ జైలుకు తోలుకుపోవడమే.

సమను పంపవలసిన రోజున మా మామ చలిజ్వరంతో ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. సరే, ఇదేమంత బ్రహ్మవిద్య అని నేనే తాడు తీసుకుని, మేజిస్ట్రేటు వచ్చేది పదో రోజు గనక వేళ్ల మీద లెక్కపెట్టి శుభ్రంగా పది ముడులు వేసి, కాగితంతో కలిపి ఆ ఊరి కొత్వార్ చేతిలో పెట్టాను. పక్కనే హవాలాతులో దుంగల సందుల్లోంచి ఆ తమ్ముడు చూస్తూనే ఉన్నాడు. అతన్నడిగినా చెప్పేవాడు. బయట చూరు కింద జావ కాచుకుంటున్న అతని భార్యనడిగినా చెప్పేది. నేనడగలేదు.

ఆ అమ్మాయికి నా ఈడే ఉంటుంది. మొగుణ్ణి తోలుకొస్తుంటే అతని వెంట మూడు రోజులు నడిచొచ్చింది, చూరు కిందే ఉండిపోయింది. పొద్దున అతనికింత జావ పోసి, పగలంతా ఇప్పపూలు ఏరుకొచ్చి ఎండబెట్టేది. వాళ్ల డోర్లీ భాష కలిసిన తెలుగులో నన్ను మున్షీ బాబూ అని పిలిచేది. పది ముడులు వేసి పంపాను, మీ బావ వస్తాడమ్మా, నిశ్చింతగా ఉండు అని నేను పెద్ద మనిషిలాగా ధైర్యం చెప్పేవాణ్ణి.

తొమ్మిదో రోజు పొద్దున ఠాణా ఊడ్పించి, మేజిస్ట్రేటుకు కుర్చీ తుడిపిస్తూ, "రేపటికి మీ బావ వచ్చేస్తాడు, మీ కష్టం తీరిపోతుంది" అన్నాను. ఆమె పూలు ఎండబోస్తున్నది ఆపి నా వైపు వింతగా చూసింది.

"రేపెట్లొస్తడు బాబూ? పది ముడులంటివి గదా. ఇంక నాలుగు పొద్దులున్నయ్."

పది రోజులు రేపటితో అయిపోతాయి కదా అన్నాను. ఆమె నవ్వింది, నాకేమీ తెలియదని అప్పుడే ఆమెకు తెలిసింది.

"తోవల ఎవలన్న ముడి ఇప్పుతరా? తెచ్చేటోడు ముట్టడు. మా బావ చేతిల పడ్డంక తెల్లారి నుంచి ముడులిప్పుతడు."

కొత్వార్ నడక మూడు రోజులు. దారిలో ఉన్నంత కాలం తాడు అలాగే ఉంటుంది. మా మామ ఎప్పుడూ దారి రోజులు తీసేసే ముడులు వేసేవాడు, ఏడు వేయవలసిన చోట నేను పది వేశాను. అంటే మేజిస్ట్రేటు వచ్చి కూర్చునే నాటికి ఆ అన్న చేతిలో ఇంకా మూడు ముడులుంటాయి. ఇప్పుడు ఎగిరిపోయి చెప్పినా మూడు రోజుల దారి, ఉన్నది ఒక్క రోజు. అయ్యో, ఎంత పని చేశావురా అని నన్ను నేనే చెంపలు వాయించుకున్నాను. ఏమయింది బాబూ అని ఆమె అడుగుతూనే ఉంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాను.

మేజిస్ట్రేటు ఆ రోజు ఎర్రబోరులో డేరా వేశాడని తెలుసు. బండ్ల బాటన సగం పరుగు, సగం నడకగా పోయి మధ్యాహ్నానికి చేరాను. దారి పొడవునా ఒకటే అనుకున్నాను, ఉన్నది ఉన్నట్టు చెబుతాను, తప్పు నాదంటాను, మూడు రోజులు ఆగమని కాళ్లు పట్టుకుంటాను అని. తీరా ఆయన ముందు నిలబడ్డాక, పక్కన మా ఠాణాకు పెద్ద అయిన ఠాణాదారు కూడా ఉన్నాడు, నా నోట వచ్చిన మాట వేరు. సాక్షి రావడానికి మూడు రోజులు ఆలస్యమవుతుంది హుజూర్, కొత్వార్ దారిలో ఎక్కడో జాప్యం చేసినట్టున్నాడు అన్నాను. నేను తప్పు చేశానన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఉద్యోగం పోతుందని భయం. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఓపికగానే విన్నాడు.

"కాగజ్ మీద తారీఖు ఠీక్‌గా ఉందా?" అని ఠాణాదారునడిగాడు. ఉంది హుజూర్ అన్నాడాయన. ఉంది మరి, కాగితం మీద తారీఖు నేనే అందంగా రాశాను. నారతాడు ఫైలులో ఉండదు కదా. సమను సరిగ్గా పంపాక సాక్షి రాకపోతే తానేం చేస్తానన్నాడు, మర్నాడు మా ఠాణాలో కూర్చుని అదే మాట రాయించాడు. ఆ వాక్యం నా చేతే రాయించాడు.

మరుసటి రోజు పొద్దున తాడుతో చేతులు కట్టి, ఇద్దరు సిపాయిలు అతన్ని దోర్నపాల్ దారిన జగదల్‌పూర్‌కు బయల్దేరదీశారు. ఆమె ఎండబోసిన పూలన్నీ అక్కడే వదిలేసి, జావ కుండ నెత్తిన పెట్టుకుని వెనకాల నడిచింది. వంపు తిరిగే ముందు ఒకసారి ఆగి, "బావ వస్తే మా వెంట తోలు బాబూ" అని కేకవేసింది. అప్పటికి కూడా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది.

మేజిస్ట్రేటు కూర్చుని పోయాక సరిగ్గా మూడో రోజు పొద్దున ఆ అన్న వచ్చాడు. తెల్లటి తలపాగా చుట్టుకుని, కాళ్ల నిండా దుమ్ముతో, అలసిపోయి కూడా నవ్వుతూ వచ్చాడు. వచ్చీ రాగానే మొలలోంచి తాడు తీసి, రెండు చేతులా సాగదీసి నాకు చూపించాడు. ఒక్క ముడి లేదు.

"దినాం పొద్దుగాల ఒక్కటే ఇప్పిన బాబూ. ఆఖరుది ఇయ్యాల్నే, గీ చింతచెట్టు కాడ ఇప్పి వస్తున్న. తమ్ముడేడి?"

నేను జరిగింది చెప్పాను. మేజిస్ట్రేటు వచ్చి పోయాడని, తమ్ముణ్ణి తీసుకుపోయారని, నువ్వు రావలసింది మూడు రోజుల కిందటని. ఇంతవరకూ చెప్పి ఆగాను. ఆయన చూరు కింద గొంతుక్కూర్చుని ఆ తాడును ఈ చివర నుంచి ఆ చివరకు వేలితో తడుముకుంటూ పోయాడు. వేళ్లు ముడిచాడు, తెరిచాడు, మళ్లీ ముడిచాడు. చివరికి అడిగాడు.

"సర్కారు ముడి తప్పదు గదా. నేనే ఏడనో మూడు పొద్దులు మరిచిన. పూలు ఏరే ధ్యాసల పడ్డనేమో. నేనేనంటవా బాబూ?"

"కావచ్చు పెద్దయ్యా" అన్నాను.

ఆ రెండు మాటలూ నేనే అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

ఆయన మంచినీళ్లయినా తాగకుండా జగదల్‌పూర్ దారి పట్టాడు. అక్కడ గవాహీ, అదే సాక్ష్యం, ఇవ్వడానికి మళ్లీ పేరు పిలిచేదాకా ఆగమన్నారు. పిలిచేలోగా వానలు పట్టాయి, జైల్లో జ్వరాలు పడ్డాయి, తమ్ముడు అందులోనే పోయాడు. జ్వరం తగ్గి లేచిన మా మామ, ముడులెన్ని వేశావురా అని అప్పటికే ఒకసారి అడిగాడు. పది అన్నాను. "అడుగుడు తెల్వదారా నీకు? నోరు పడిపోయిందా?" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తరువాత ఆయన ఉన్నన్నాళ్లూ నాతో పనికి సంబంధించిన మాటే తప్ప మరో మాట ఆడలేదు. కానీ ఆయన కూడా ఎవరికీ చెప్పలేదు, మేనల్లుణ్ణి కదా.

ఆ ఊరి కొత్వార్ మాత్రం వారం వారం వస్తూనే ఉండేవాడు. ఒక వారం చెప్పాడు, ఆ పెద్దాయన ఇప్పుడు పండుగ తాడు ముట్టడం లేదని. తాతల నాటి నుంచి ఆ ఊరి పండుగలకు రోజులు లెక్కపెట్టేది వాళ్ల ఇల్లేనట. నా వేళ్లు నా తమ్ముణ్ణి తిన్నయ్, ఇంక నా చేతికి తాడియ్యకుండ్రి అని ఊరందరి ముందు చెప్పి, ఆ పని మరొకరికి అప్పగించాడట. పుట్టుకలూ చావులూ రాసుకునే పుస్తకం నా ముందు తెరిచే ఉంది. అందులో ఏమని రాయను? కలం పక్కన పెట్టి, ఇంకేమన్నా ఉన్నాయా అని అడిగాను. ఆయన ఊరికి పోయి చెప్పిరావాలని ఎన్నిసార్లు బయల్దేరానో, ఎన్నిసార్లు వాగు దాకా పోయి వెనక్కి వచ్చానో నాకే తెలుసు. ఒక ఏడు కొత్వార్ చెప్పిన చావుల్లో ఆ పెద్దాయన పేరు కూడా ఉంది. నేను రాసుకున్నాను.

రాజ్యం పోయింది, తాళ్లు పోయాయి. ఇప్పుడు ఠాణా నుంచి ఫలానా తారీఖున రమ్మంటే, మన పిల్లలు ముందు ఆ కాగితాన్ని ఇద్దరు ముగ్గురికి చూపించి చదివించుకుంటారు, తారీఖు మళ్లీ అడుగుతారు, ముద్ర ఏదీ అంటారు, నకలు ఇస్తే గానీ కదలరు. పోలీసులంటే జనానికి ఇదివరకటి నమ్మకం లేదని సిపాయిలు నా దగ్గరికొచ్చి వాపోతుంటారు. లేకపోతే పోనివ్వండి నాయనా అనుకుంటాను నేను. ఆ రోజు చూరు కింద కూర్చున్న ఆ పెద్దాయన తన వేళ్లకేసి అన్నిసార్లు చూసుకునే బదులు, ఒక్కసారి తలెత్తి, నీవు వేసిన ముడులే తప్పేమో చూసుకో బాబూ అని ఉంటే, ఆయన కాళ్ల మీద పడి అంతా చెప్పేసి ఉండేవాణ్ణి. ఆయనకు ఆ అనుమానమే రాలేదు.