సున్నం కొట్టిన కోట

మా అత్తయ్య కోట చూపించే తీరు చూసి తీరాలి. రేపల్లె వైపు కాలవ పక్కన పాత జమీందార్లు కట్టుకున్న ఇల్లది. చుట్టూ మేడంత గోడ, మూలమూలకీ బురుజు. అందుకే ఊళ్ళో అందరికీ అది కోట. వాళ్ళ తాలూకు దొరగారు మద్రాసులో ఉండేవారు. మా ఆయన కాపలా, పెద్ద తలుపు పక్క గదిలో మా కాపురం.

ఆదివారాలు తెనాలి నుంచీ బాపట్ల నుంచీ జనం వచ్చేవారు. అత్తయ్య కొంగు దోపుకుని వాళ్ళను గోడలోని ఏటవాలు కన్నాల దగ్గరికి తీసుకెళ్ళేది.

"కన్నెట్టి చూడు బాబూ. బయటోడు నీకు కనపడతాడు, నువ్వు వాడికి కనపడవు. పిండారీలు దోచుకోడానికొస్తే ఊరంతా గొడ్డూ గోదాతో లోపలికొచ్చి తలుపులేసుకున్నారంట. ఈ కన్నాల్లోంచే తుపాకులు పేల్చారు."

తలుపు పక్కన గుండ్లు తగిలి పెచ్చులూడిన గుంటల్లో పిల్లల చేత వేళ్ళు పెట్టించేది. వాళ్ళు కెవ్వుమంటే ఆవిడకి అదో సంబరం.

అంతలో మా వైపు రొయ్యల చెరువుల పిచ్చి మొదలైంది. కోట పడగొట్టి అక్కడ చెరువు తవ్విస్తానని దొరగారు కబురు పెట్టారు. అది పోతే మాకు నీడ లేదు. చూడ్డానికొచ్చిన ఒక మేష్టారు జాలిపడి, పాత కట్టడాలు కాపాడే ఆఫీసుకి అర్జీ పెట్టారు. ఆఫీసరు వచ్చి చూసి, ఉంచదగిందని రాస్తే కూల్చడం ఆగుతుందట.

ఆఫీసరు వచ్చే రోజు తెలియగానే అత్తయ్య నడుం బిగించింది.

"పెద్దోళ్ళొస్తుంటే చిల్లుల గోడలు చూపిస్తామా? పెళ్ళివారొస్తే ఇట్టాగే ఉంచుతామా?"

మాకెవరికీ తప్పనిపించలేదు. వీధిలో ఆడవాళ్ళంతా తట్టలెత్తుకుని వచ్చారు. కన్నాలకి బంకమన్ను మెత్తాం. గుండ్ల గుంటలు పూడ్చాం. నీలం కలిపి సున్నం రెండు పూతలు కొట్టాం. వాకిలంతా ముగ్గులు.

"కొత్త పెళ్ళికూతురల్లే ఉందే!" అని మా ఆయన మురిసిపోయాడు.

నాలుగు రోజులకి ఆఫీసరుతో పాటు జీపు దిగుతూనే మేష్టారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. ఫోటోలు తీసే అతను చుట్టూ తిరిగి తెల్లటి గోడలన్నీ తీశాడు.

"కన్నాలున్నాయని రాశారే, ఎక్కడున్నాయండీ?" అన్నారు ఆఫీసరు.

"లోపలున్నాయి బాబూ, మేమే పూడ్చాం, తమరొస్తున్నారని" అంది అత్తయ్య.

"నేను నమ్ముతానమ్మా. పై ఆఫీసులో చూసేది ఫోటోలే. వాటిలో ఇది మొన్న కట్టిన గోడలాగుంటుంది."

అత్తయ్య పరుగున వెళ్ళి అట్లకాడ తెచ్చి గోడని గీకడం మొదలెట్టింది. నేను కొడవలి పట్టుకున్నాను. మా ఆయన గునపం తెచ్చాడు. బంకమన్ను ఎండి రాయల్లే బిగుసుకుపోయింది. "ఒక్క నిమిషం బాబుగారూ, ఒక్క నిమిషం" అంటూనే ఉంది అత్తయ్య. గోళ్ళు చీరుకుపోయి సున్నం మీద ఎర్రగా మరకలు పడ్డాయి.

చివరికి ఒక్క కన్నం తెరుచుకుంది.

"ఇదిగో! కన్నెట్టి చూడండి!"

ఆఫీసరు వంగి చాలాసేపు చూశారు. లేచి, "ఇది తియ్యవయ్యా" అన్నారు ఫోటోలతనితో.

"రీలు అయిపోయిందండి."

మళ్ళీ వస్తామని వెళ్ళారు. వాళ్ళకంటే ముందు ట్రాక్టర్లు వచ్చాయి. గోడ ఒరిగినప్పుడు మా మన్ను అచ్చులు అచ్చులుగా ఊడి పడింది. కన్నాలన్నీ తెరుచుకుని ఒక్కసారి ఆకాశం కనిపించింది. ఆ వెంటనే అవీ పడిపోయాయి.

కాలవ గట్టు మీద పాక వేసుకున్నాం. ఒక ఆదివారం బాపట్ల నుంచి పిల్లలతో ఎవరో వచ్చారు.

"పెద్దమ్మా, ఇక్కడేదో కోట ఉండాలంటగా?"

రొయ్యల చెరువు ఎదురుగానే ఉంది. నేను నోరు తెరిచేలోపు అత్తయ్యే జవాబు చెప్పింది.

"ఏమోనమ్మా, తెలవదు. మేం ఈ ఊరికి కొత్త."