వెంకటసామి ఎంచుకున్న గాలిపటం

వెంకటసామికి అప్పటికి యాభై మూడేళ్లు. అందులో నలభై తొమ్మిదేళ్లు కూర్చునే గడిపాడు. నాలుగో ఏట పోలియో వచ్చి ఎడమకాలు తొడ నుంచి చచ్చుబడిపోయింది. కుడికాలికి పాదంలో మాత్రం బలం మిగిలింది. ఆ పాదంతోనే కుట్టుమిషను తొక్కుతూ తమిళనాడులోని ధర్మపురి బైపాసు పక్కన లారీలకు టార్పాలిన్లు కుట్టేవాడు. లోడు మీదికెక్కి కట్టేవాళ్లకు ఎక్కడ ఏ ముడి వెయ్యాలో కింద నుంచే చెప్పేవాడు. ఆ ముడి తొప్పూరు కనుమ గాలికి కూడా జారదని డ్రైవర్లు అనుకునేవారు.

ఎక్కడికి వెళ్లాలన్నా మాత్రం ఇంకొకరు రావాలి. చేత్తో తిప్పుకునే బండి ఉండేది గాని, కాస్త ఎత్తు తగిలితే వెనక నుంచి తొయ్యాలి. తోసేది భార్య వేదవల్లి.

అక్క కూతురు మోహనప్రియ అప్పుడు చెట్టికరైలో ఇంజనీరింగు చదువుతోంది. ఒక ఆదివారం ఫోనులో వీడియో చూపించింది. ఎండిన మైదానంలో ఒకతను మూడు చక్రాల బండిలో ఉన్నాడు, పైన పెద్ద గాలిపటం అతన్ని లాక్కుపోతోంది. ఆ పిల్ల పటం రంగులు చూడమంటోంది. వెంకటసామి చూసింది వేరు.

"వాడు కూర్చొనే ఉండాడు గదా పాపా," అన్నాడు.

"అవును మామా. దీంట్లో అందరూ కూర్చొనే పోతారు."

ఆ మాట అతన్ని వదల్లేదు. అదియమాన్‌కోట్టై దారిలోని చెరువు ఆ ఏడు పూర్తిగా ఎండి, నేల గచ్చులా గట్టిపడి ఉంది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒక్కసారి, వెనక ఎవరి చెయ్యీ లేకుండా పోవాలి. అతనికి కావలసింది అంతే.

బండి సులువుగానే తయారైంది. వెల్డింగు షెడ్డు మణివణ్ణన్, ముందు చక్రం కుడిపాదంతో తిరిగేలా చేసి, పాదం జారకుండా చెప్పు వారు లాంటి పట్టీ పెట్టాడు. చిక్కంతా పటం దగ్గరే వచ్చింది. మోహనప్రియ దొరికినదంతా చదివి చెప్పింది. పంపుతో గాలి కొట్టి ఉబ్బించేవి సముద్రం మీదికి, మనకొద్దు. నేలమీదికి గుడ్డ పటాలే నయం, ముందంచున ఉన్న నోళ్లలోకి గాలి దూరి అవే నిండుతాయి. రెండు తాళ్లవి తేలిక గాని, నాలుగు తాళ్లవాటికి బ్రేకు ఉంటుంది. కొత్తవాళ్లు మూడు చదరపు మీటర్లు దాటకూడదు.

ఆ చివరి మాట వెంకటసామికి నచ్చలేదు. ముప్పై ఏళ్లు సరుకును బట్టి గుడ్డ కోసినవాడు. తన ఒళ్లూ బండీ కలిపితే వంద కిలోలు దాటుతుంది. దానికి మూడు మీటర్లేమిటి, ఆటో వెనక కప్పడానికి చాలదు. ఆరు ఉండాలన్నాడు. కొనే ముందు తనే తేల్చుకుందామనుకున్నాడు.

ఆషాఢ శ్రావణాల మధ్య వీచే ఆడి మాసం గాలి జోరుగా ఉన్న రోజు, తొమ్మిదడుగుల టార్పాలిన్ తీసుకుని చెరువులో కూర్చున్నాడు. రెండు మూలల తాళ్లనూ మణికట్లకు కట్టుకున్నాడు. చెయ్యి జారితే లేచి పరుగెత్తి తెచ్చుకోలేడు గనక, లారీ ముడే వేశాడు. వేదవల్లి గుడ్డ అవతలి అంచు పైకెత్తింది. గాలి దాన్ని ఒక్కసారిగా లాక్కుంది. వెంకటసామి బోర్లా పడ్డాడు. ముప్పై బారల దూరం ఈడ్చుకుపోయాక, గుడ్డ తుమ్మకంపకు తగులుకుని ఆగింది.

వేదవల్లి పరుగున వచ్చి ముడి విప్పబోయింది. రాలేదు. చివరికి కంపలు కొట్టేవాళ్ల దగ్గర కొడవలి అడిగి తెచ్చి కోసింది.

"తొప్పూరులో గూడా ఊడదంటారు గదా," అంది, అతని మోచేతి నెత్తురు కొంగుతో తుడుస్తూ. "నిజమే."

ఇంటికి వచ్చాక, బండిని మణివణ్ణన్‌కే తిరిగి ఇచ్చెయ్యమంది. 

"పటం తెప్పిస్తా," అన్నాడు వెంకటసామి. "మూడు తూర్లు లేపి, మూడు తూర్లూ నేనే పడేస్తా. ఒక్క తూరి తప్పినా బండి నువ్వే ఇచ్చేసి రా. నేను అడగను."

ఆమె సరేనంది.

మళ్లీ మోహనప్రియను కూర్చోబెట్టాడు. ఈసారి ఎంత లాగుతుందని అడగలేదు. నడుముకు తగిలించుకునేవి వద్దన్నాడు. రెండు చేతులకూ విడివిడిగా పిడులుండి, మణికట్లకు పట్టీలున్నది కావాలన్నాడు. అలాంటిదాంట్లో పిడులు వదిలేస్తే బ్రేకు తాళ్లు మాత్రమే పట్టీలతో బిగుస్తాయి, పటం వెనక్కి మడతపడి కూలుతుంది, ఎగిరిపోదు. రెండున్నర మీటర్లది ఒకటి చెన్నైలో ఒకాయన దగ్గర ఉందని తెలిసింది. ఆయన ఫోనులో బరువెంత అని అడిగాడు. నా బరువు ఉండనీండి, చెయ్యి వదిలితే ఎంతసేపట్లో పడుతుందో చెప్పండి అన్నాడు వెంకటసామి.

పటం వచ్చాక పది రోజులు దాన్ని ఎగరెయ్యలేదు. పిడులను దుకాణం కిటికీ కమ్మీకి కట్టి లాగి పట్టుకోవడం, వదలడం, అదే సాధన. లాగేకొద్దీ వేళ్లు వాటంతటవే బిగుసుకునేవి. టీ తాగడానికి ఆగిన డ్రైవర్ నరసింహన్‌కు నవ్వొచ్చింది.

"ఏంది అన్నా, వదిలేదానికి గూడా పళకమా?"

"పట్టుకునేది ఎప్పుడో వచ్చేసింది అప్పా," అన్నాడు వెంకటసామి.

గాలి కాస్త నెమ్మదించిన ఒక ఉదయం చెరువుకు వెళ్లారు. ఇసుక మూటకు వీపు ఆనించి కూర్చున్నాడు. మొదటిసారి పటం లేచింది, వదిలాడు, పడింది. రెండోసారీ అంతే. మూడోసారి అది నడినెత్తికి వచ్చే వేళకు ఎక్కడి నుంచో గాలి తోసుకొచ్చింది. వెంకటసామి నేల నుంచి జానెడు లేచాడు. వేళ్లు బిగుసుకున్నాయి. వేదవల్లి ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. వదలమని చెప్పలేదు. చెబితే లెక్కలోకి రాదు. అతను పళ్లు బిగించి తన చేతుల వంకే చూశాడు. ముందు ఎడమ చెయ్యి తెరుచుకుంది, తరువాత కుడిచెయ్యి. ధబ్బున నేలకు తగిలాడు. ఎదురుగా పటం విప్పి పడేసిన చీరలా కుప్పకూలింది.

వేదవల్లి వెళ్లి బండి తోసుకొచ్చి, అతను ఎక్కేదాకా కదలకుండా పట్టుకుంది. తరువాత రెండు చేతులూ తీసేసింది.

ఆమె వెళ్లి అంచు ఎత్తగానే పటం మళ్లీ లేచింది. బండి మొదట గుంజుకుంది, ఆ తరువాత జారినట్టుగా కదిలింది. చక్రాల కింద మట్టి పెళ్లలు పటపట విరిగాయి. మిషను తొక్కిన పాదం ముందు చక్రాన్ని ఇటూ అటూ సర్దుతోంది. అవతలి గట్టు దగ్గర బండిని చుట్టు తిప్పి, ముఖం ఇటు పెట్టి, చేతులు వదిలాడు. బండి ఆగింది.

వేదవల్లి అప్పటికే చెరువుకు అడ్డంగా నడిచి వస్తోంది. ఇరవై ఆరేళ్ల అలవాటు. వెంకటసామి చెయ్యెత్తాడు.

"రావద్దు వేదా. ఆడనే ఉండు. నేనే వస్తా."

ఆమె ఆగింది. అంచు ఎత్తి ఇచ్చేవాళ్లు లేకుండా పటాన్ని ఒంటిగా లేపడం అతనికి ఇంకా రాదు. ఒకసారి లేచి పక్కకు పడింది. ఇంకోసారి తాళ్లు మెలిపడ్డాయి. కూర్చున్నచోటే వాటిని ఒక్కొక్కటే విప్పుకున్నాడు. ఆమె ఎండకు కొంగు తలమీద కప్పుకుని, నిలబడ్డచోటే కూర్చుంది. అతను మళ్లీ పిడులు అందుకున్నాడు.

మూడోసారి పటం లేచింది.