మంగత్త ఎడమచెయ్యి

మందుల షాపు దొర తప్పు సీసా ఇచ్చాడు. మంగత్త చెయ్యి కాలింది. ఆ మాట అనడానికి ఇన్నేళ్ళలో ఎవరికీ నోరు రాలేదు కనుక నేనే రాస్తున్నాను.

ఇవాళ పక్కగదిలో మనవరాలు పింగాణీ గిన్నెలో ఏదో కలిపి పైపెదవికి రాసుకుంటోంది. ముక్కు మండించే ఆ అమ్మోనియా వాసన తలుపు సందులోంచి రాగానే లేచాను, మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను. "చేతిమీద వేసి చూశావా?" అని అడిగాను. "ఎందుకు తాతా, డబ్బామీద అన్నీ రాసుంది," అంది. రాసే ఉంటుంది. అప్పుడూ రాసే ఉంది.

పరాసువాళ్ళ, అంటే ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో, కోసపాళయంలో మా పక్కింటావిడ మంగత్త. ఒక దొరసాని ఇంట్లో ఆయాగా చేసినప్పుడు, మొహంమీది నూగును మందునీళ్ళతో బంగారు రంగుకు తిప్పే విద్య చూసి నేర్చుకుంది. తర్వాత, మగవాళ్ళు పనులకు పోయాక, మా వీధి ఆడవాళ్ళు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని ఆమె పెరటి గుమ్మంలోంచి వచ్చేవాళ్ళు. కొత్త సీసా తెస్తే మంగత్తకు ఒక నియమం. ముందు తన ఎడమ ముంజేతికి రాసుకోవాలి, ఒక రోజంతా ఆగాలి, ఆ తర్వాతే ఇంకొకరి మొహం. అందుకే ఆమె కుడిచేతి నూగు నలుపు, ఎడమచేతి నూగు పసుపు. "సగం దొరసాని" అని వీధి నవ్వేది.

మా చెల్లెలు సుబ్బులును కుళాయి దగ్గర "ఏం సార్జంటూ, మీసం దువ్వలేదా" అని ఏడిపించేవాళ్ళు. అది నీళ్ళకు పోవడం మానేసింది. తర్వాత వీధి గుమ్మం దాటడమే మానేసింది. ఒకనాడు నేనే దాన్ని మంగత్త దగ్గరికి తీసుకువెళ్ళాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, ముదలియార్‌పేట మిల్లులో పని, ఒంటినిండా తొందర. ఆ పొద్దునే కొత్త సీసా వచ్చిందట.

"రేపు రాండబ్బా," అంది మంగత్త.

"రేపేంది అత్తా? నాకు సెలవు ఈపొద్దే. ఎప్పుడూ తెచ్చే సీసానే గదా."

"సీసా అదే. లోపల నీళ్ళు అవేనని ఎవురు చూసినారు?"

"దొర షాపులో తప్పు యాడ జరుగుద్ది?"

"దొరకీ చేతులు రెండే గదరా తంబీ. పోయి రేపు రా."

సణుక్కుంటూ వచ్చేశాను. మర్నాడు వెళితే ఆమె ముంజెయ్యంతా బొబ్బలు, తోలు తెల్లగా చచ్చిపోయి ఉంది. సుబ్బులు తన మూతి తడుముకుంటూ ఆ చేతినే చూస్తూ నిలబడింది.

సీసా తీసుకుని షాపుకు పోయాను. గుమాస్తా వాసన చూసి, ఇవి గడ్డి టోపీలు తెల్లబరచే ఘాటు నీళ్ళన్నాడు. సీసామీది చీటీ మాత్రం మామూలుదే. నేను గొంతు పెంచితే, ఫిర్యాదేదో పరాసు భాషలో రాసిమ్మన్నాడు. నాకు తెలుగక్షరాలే అరకొర. ఆ కోపంతోనే పరాసు నేర్చుకున్నాను, సీసాల చీటీలూ గోడమీది ప్రకటనలూ కూడబలుక్కుని. రెండేళ్ళు పట్టింది.

"రాయి. ఆడోళ్ళ పేర్లు మాత్రం వద్దు," అంది మంగత్త. "మొహం దాచుకోను వచ్చినోళ్ళని కాగితం ఎక్కిస్తావా?"

ఆమె ముందు తన చేతిమీద చూసుకోబట్టే ఎవరి మొహమూ కాలలేదని షాపుకు రాశాను, ఆరోగ్యాధికారికి రాశాను, మళ్ళీ మళ్ళీ రాశాను. ఆమె చెయ్యి మానినా తోలు ముడుచుకుపోయింది. ఆ తర్వాత కొత్త సీసాలన్నీ కుడిచేతిమీదే. అలా చూశాకే సుబ్బులు మూతికి మందు రాసింది. సుబ్బులు మళ్ళీ బిందె తీసుకుని కుళాయికి పోయింది.

ఏ మాటనైనా ముందు నామీద పెట్టి చూసుకోకుండా ఇంకొకరికి చెప్పను. ఆ నియమం ఆమెదే. నన్ను ఇప్పటికీ కూర్చోనివ్వనిది మాత్రం, ఆమె చనిపోయిన ఏడు నెలలకు ఆరోగ్యాధికారి ఆఫీసు నుంచి వచ్చిన ఈ జవాబు:

"అయ్యా, మీరే రాసినట్టు, ఎవరి మొహానికీ హాని జరగలేదు. కనుక విచారించవలసిన విషయమేదీ లేదు."