గంజికుండ మీది కాగితం

పెద్దలందరూ నన్ను క్షమించాలి. మార్కాపురం తాలూకా ఆసుపత్రి ఆయమ్మ మొన్న శుక్రవారం కన్నుమూసింది. డాక్టర్లు, వకీళ్లు, రావుబహద్దూర్లు ఇంకా బతికే ఉండగా, వార్డులు ఊడ్చి ఆదివారం చర్చికి పోయే మనిషికి స్మృతివ్యాసం రాయడం ఎంత అపచారమో బి.ఏ. చదివిన నాకు తెలియదా? అయినా రాస్తున్నాను.

రెండేళ్ల కిందట కొనకనమిట్ల రైతు ఒకాయన పదమూడేళ్ల కూతుర్ని బండికి తాడుతో కట్టి తెచ్చాడు. తమ్ముడు బావిలో పడి చనిపోయిన దగ్గర్నుంచి పిల్ల మాట్లాడదు, సరిగా తినదు. ఆసుపత్రి డాక్టరు మా మేనమామే. గుమ్మంలో నిలబడి, చుట్ట ఆర్పకుండానే రోగం తేల్చేశాడు.

"పిచ్చి. మద్రాసు పిచ్చాసుపత్రికి పంపాల."

అంతటి వైద్యానికి నాడి పట్టుకోవడం దేనికి? కాగితం సిద్ధం చేయమని, వచ్చి సంతకం పెడతానని చెప్పి గిద్దలూరు క్యాంపుకు వెళ్లిపోయాడు.

ఆయమ్మ తాడు విప్పింది. ఉతికిన కట్టుగుడ్డలు పిల్ల ముందు పోసింది.

"నేనొక కొస, నువ్వొక కొస. చుడదాం రా తల్లీ."

నాలుగు రోజులు చుట్టారు. ఆయమ్మ తన కోడిపెట్ట దొంగబుద్ధుల గురించి చెబుతూనే ఉంది. నాలుగో రోజు పిల్ల ఆమె కాచిన గంజి తాగింది. వసారాలోంచి తండ్రి లేచాడు.

"ఏందమ్మే, నీ చేతి గంజి తాపినావా? మా కులం ఏం కావాల?"

"మద్రాసులో ఎవురు వండుతారో అడిగినావా అయ్యా?"

పెద్దమనిషి కండువా దులుపుకుని మళ్లీ వసారాలో కూర్చున్నాడు. కూతురు పిచ్చాసుపత్రికి పోతే పోని పరువు, గంజితో పోతుంది మరి!

అప్పుడు పిల్ల నోరు తెరిచింది. "ఉప్పు లేదు."

ఆయమ్మ ఉప్పుకోసం పరుగెత్తింది.

మామ తిరిగొచ్చి, "చూసినావా, నా మందు పని చేసినాది" అన్నాడు. ఏ మందో నేటికీ ఎవరికీ తెలియదు. నిన్న ఆయమ్మ సంతాప సభలోనూ అదే చెప్పాడు. చప్పట్లు కూడా కొట్టారు.

ఇక నేను. సెలవులకు వచ్చి మామ ఇంట్లో తింటున్న నేను చేసింది ఒక్కటే. ఆ కాగితం రాసింది నేనే. పిల్ల ముఖమైనా చూడకుండా, నయం కాని పిచ్చి అని, గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల్లో. నాలుగో రోజు ఉదయం మామ బల్ల మీద పెట్టమని ఆయమ్మకే ఇచ్చాను.

"ఇది పోతే పిల్ల మద్రాసు పోతాదా నాయనా?"

"అవును."

చదువు రాని ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "రాత బాగుంది" అంది. తీసుకుపోయి పొగలు కక్కుతున్న గంజికుండ మీద మూతగా వేసింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఆవిరికి నా అక్షరాలు ఒక్కొక్కటీ ఉబ్బి, సిరా కరిగి, కుండ అంచు వెంట నీలంగా కిందికి జారుతూ ఉంది.