గేటు బయట నూడుల్స్ కొట్టులో జామీనుగా ఓ మధ్యాహ్నం

మా మేనకోడలు గ్రేస్ చైనాలో ఆరేళ్లు చదివి డాక్టరయింది. పట్టా పుచ్చుకునే రోజున వాళ్లమ్మ కళ్లారా చూడాలని పిల్ల పట్టుబట్టింది. వాళ్ల నాన్న నాట్ల పనిలో పడి కదల్లేనన్నాడు. దాంతో మా చెల్లెలు రూతమ్మని వెంటబెట్టుకుని వెళ్లే బాధ్యత నా మీద పడింది. రూతమ్మ తణుకు దగ్గర ఓ పిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. అంతకుముందు రాజమండ్రి దాటి వెళ్లింది ఒకే ఒక్కసారి, అదీ ఎవరి పెళ్లికో విశాఖపట్నం. గ్రేస్ చదివిన ఊరి పేరు, కాలేజీ పేరు ఇక్కడ రాయను. ఇంటర్నెట్లో ఏం రాసినా ఎవడో ఒకడు దేనికో దానికి వాడుకుంటాడని నా గట్టి నమ్మకం.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాను. తెలియని కోడ్ స్కాన్ చేయకండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని అద్దం వెనక నుంచి కనిపించిన ప్రతి మనిషికీ చెప్పాను. ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు? సొంత బావమరిదికి కూడా జామీను సంతకం పెట్టని మనిషినని మా ఇంట్లో నాకు పేరు. అనుమానం పెనుభూతం అని మా ఆవిడ దెప్పుతుంటుంది. ఆ భూతమే ఇన్నాళ్లూ మన ఇల్లు కాపాడింది అని నేను అంటుంటాను.

ప్రయాణానికి నెల ముందు గ్రేస్ ఫోన్ చేసింది. "మావయ్యా, ఇక్కడ మెసేజ్ పెట్టాలన్నా, టీ తాగాలన్నా, కాలేజీ గేటు దాటాలన్నా అన్నిటికీ ఒకటే యాప్ అండి. కొత్తగా ఖాతా తెరవాలంటే పాత ఖాతా ఉన్నవాళ్లు ఒకరు మీ కోడ్ స్కాన్ చేసి, ఈయన నాకు తెలుసు అని ఒప్పుకోవాలి. మీరు దిగగానే ఒకరికి నేను చేస్తాను, ఇంకొకరికి మా ఫ్రెండ్ చేత చేయిస్తానండి" అంది. మన దేశంలో ఆ యాప్‌ని నిషేధించారు కదమ్మా, అలాంటిది నా ఫోన్లో ఎలా పెట్టుకుంటాను అన్నాను. అది అక్కడి వరకే, వచ్చేటప్పుడు తీసేయొచ్చు అంది. నేను ఒప్పుకోలేదు. పాస్‌పోర్టులున్నాయి, కాలేజీ వాళ్ల ఆహ్వానం ఉంది, మిగతాది గేటు దగ్గర మాట్లాడుకుందాంలే అన్నాను. మన గోదావరి జిల్లాల్లో మాట్లాడుకుంటే తెరుచుకోని గేటు నేనింతవరకూ చూడలేదు.

జూన్ చివర్లో నిడదవోలులో రాత్రి రైలెక్కి సికింద్రాబాద్ చేరాం. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ మీదుగా గ్వాంగ్జౌ వెళ్లాం. రానూపోనూ విమానానికి మనిషికి నలభై అయిదు వేలు దాటింది. గ్వాంగ్జౌలో రాత్రి బస చేసి, పొద్దున్నే టిఫిన్ కోసం హోటల్ పక్క సందులోకి వెళ్లాం. ఆవిరి మీద ఉడికిన రొట్టెలు అమ్మే ఆయనకి వంద యువాన్ల నోటు చూపించాను. మన డబ్బులో పన్నెండొందల పైమాటే. ఆయన తల అడ్డంగా ఊపి, గోడకి అంటించిన కోడ్ చూపించాడు. చిల్లర లేదట. ఆ కోడ్ కాగితం అంచు లేచి ఉంది. ఒకదాని మీద ఇంకొకటి అంటించి డబ్బు కొట్టేసే మోసాలు నాకు తెలుసు కాబట్టి నేను గోరుతో ఆ అంచు లేపి కింద ఏముందో చూశాను. రొట్టెలాయనకి అది నచ్చలేదు. మా చెల్లెలు నన్ను చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగి, "నీ డబ్బు నిజమైందే అన్నయ్యా, పుచ్చుకునేవాడే లేడు" అని నవ్వింది. మేం తెచ్చుకున్న జంతికలతో ఆ పూట గడిపాం.

హైస్పీడ్ రైలు టికెట్లు గ్రేస్ మా పాస్‌పోర్టు నంబర్ల మీద ముందే కొంది. మనిషికి మూడొందల పైచిలుకు యువాన్లు. స్టేషన్లో విదేశీయులు యంత్రాల వరుసలో కాకుండా మనిషి ఉన్న వరుసలోకి వెళ్లి పాస్‌పోర్టు చూపిస్తే చాలు. రెండున్నర గంటల ప్రయాణం. రూతమ్మ కిటికీ వదలలేదు. "వరి మనలాగే నాటారు గానీ, ఒక్క కాలవా కనపడదేంటి" అని ఆశ్చర్యపోయింది. స్టేషన్ నుంచి కాలేజీకి టాక్సీ ముప్ఫై ఎనిమిది యువాన్లయింది. యాభై ఇస్తే డ్రైవరు కారంతా వెతికి పది ఇచ్చి, మిగతా రెండుకి బదులు ఒక నీళ్ల సీసా చేతిలో పెట్టాడు. ఆ సీసా మూతకి సీలుందో లేదో తిప్పి చూశాను. ఉంది. అయినా నేను తాగలేదు, మా చెల్లెలు తాగింది.

కాలేజీ గేటు దగ్గర దిగేసరికి ఒంటిగంట దాటింది. సభ మూడింటికి. గార్డు మా పాస్‌పోర్టులు మర్యాదగానే చూశాడు, ఆహ్వానం కూడా చూశాడు. చూసి, పక్కనున్న బోర్డు మీది కోడ్ చూపించాడు. ఆ యాప్‌లో ఎవరి పేరు వాళ్లు నమోదు చేసుకుంటే ఫోన్లో ఒక కోడ్ వస్తుంది, దాన్ని స్కాన్ చేస్తేనే గేటు తెరుస్తాడు. నేను మాట్లాడాను. ఇంగ్లీషులో మాట్లాడాను, ఫోన్లో అనువాదం పెట్టి మాట్లాడాను, రూతమ్మని చూపించి తల్లి అని చెప్పాను. అతను ప్రతిసారీ తల ఊపి మళ్లీ ఆ బోర్డే చూపించాడు.

గ్రేస్‌కి ఫోన్ చేశాను. రిహార్సల్ మధ్యలో గొంతు తగ్గించి మాట్లాడింది. "మావయ్యా, మీరు వద్దన్నారని మొన్ననే మా రూమ్మేట్ వాళ్లమ్మకి చేసేశానండి. యాప్ నెలకి ఒక్కరికే చేయనిస్తుంది. మా ఫ్రెండ్స్ కూడా వాళ్లవాళ్లకి చేసేశారు. అక్కడ ఎవర్నైనా అడగండి. రెండున్నర దాటితే ఇంక ఎవర్నీ లోపలికి పంపరంట. ఫోన్లు కూడా ఇప్పుడు బ్యాగుల్లో పెట్టేయమంటున్నారు." ఫోన్ పెట్టేసింది. హాస్టల్ పిల్లలు ఇస్త్రీ చేసిచ్చిన చీర కొంగు సర్దుకుంటూ రూతమ్మ గేటు లోపలికి చూస్తూ నిలబడింది. ఆవిడ ఏమైనా అని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. సొంత చెల్లెల్ని అంతదూరం తీసుకొచ్చి గేటు బయట నిలబెట్టాను.

ముందుగా ఒక కుర్రాడు, స్టూడెంట్ కాబోలు, నవ్వుతూ వచ్చి సాయం చేస్తానన్నట్టు చెయ్యి చాపాడు. తెలియనివాడి చేతికి ఫోనా? జేబులో పెట్టేసుకున్నాను. తర్వాత మెడలో ఏదో బిళ్ల వేసుకున్న ఒకతను వచ్చి రెండొందల యువాన్లిస్తే పనైపోతుందని వేళ్లతో చూపించాడు. చేసిపెట్టేవాడు డబ్బెందుకు ముందే అడుగుతున్నాడు? వద్దన్నాను. ఆ రెండో అనుమానం ఇప్పటికీ సరైందనే అనుకుంటున్నాను.

"అన్నయ్యా, టైమైపోతుంది. ఎవరో ఒకర్ని నమ్మాలి కదా" అంది రూతమ్మ. గేటుకి ఎదురుగా చిన్న నూడుల్స్ కొట్టుంది. మా వయసే ఉన్న ఒకావిడ వంట చేస్తోంది. ఏమీ కొనకుండా అడగడం బాగుండదని ఒక గిన్నె చెప్పి, పద్దెనిమిది యువాన్లకి ఇరవై నోటు ఇచ్చాను. ఆవిడ చేతులు తుడుచుకుని, ఆ నోటుని వెలుతురుకి ఎత్తి చూసింది. బొమ్మ మీద బొటనవేలితో రుద్దింది. అప్పుడు గల్లాపెట్టెలో వేసి రెండు తిరిగిచ్చింది. ఆ దేశంలో కాలు పెట్టాక నాకు ఒక మనిషి మీద గౌరవం కలగడం అదే మొదలు. అడిగితే ఈవిడనే అడగాలి అనుకున్నాను.

ఫోన్లో అనువాదం పెట్టి సంగతంతా చెప్పాను. ఆవిడ విని, అదే ఫోనుకి జవాబు చెప్పింది. ఫోను దాన్ని గ్రాంథికంలోకి మార్చి వినిపించింది. "నేను మిమ్ములను ఎరుగను. మీరు చెడు కార్యము చేసినచో నా ఖాతా మూయబడును. నా కొట్టు ఆ ఖాతా మీదనే నడచును." నేను కౌంటర్లో కూర్చుని ఎందరికి ఇదే మాట చెప్పానో. పాస్‌పోర్టు చూపించాను. రిటైరైన ఉద్యోగి కార్డు చూపించాను. ఆవిడ రెండూ తిప్పి చూసి, పాస్‌పోర్టు ఫోటోని నా మొహం పక్కన పెట్టి చూసింది. "ఈ యాప్ ముందే ఏల పెట్టుకొనలేదు?" అని అడిగింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. నమ్మకం లేక అన్నాను. ఫోను ఆ ముక్క చైనా భాషలో చెప్పగానే ఆవిడ మొదటిసారి నవ్వింది. "నాకు కూడ మీ యందు లేదు" అంది.

ఈలోగా రూతమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లి పులుసు వాసన చూసి, ఇందులో ఏం వేశారండీ అని తెలుగులోనే అడుగుతోంది. ఆవిడ మా చెల్లెల్ని కాసేపు చూసింది. తర్వాత తీర్పు చెప్పినట్టు చెప్పింది. తనకీ నెలకి ఒక్కరే. ఆ ఒక్కటీ పిల్ల తల్లికి ఇస్తుంది. తల్లి తిరిగి వచ్చేదాకా అన్నగారు ఈ కొట్టులో, తన కళ్లెదుట, ఆ మూల స్టూలు మీద కూర్చోవాలి. అంటే నేను జామీను.

ఒప్పుకున్నాను. రూతమ్మ ఫోన్ అక్కడ పనిచేయదు కాబట్టి నా ఫోన్లోనే యాప్ దింపాం. తెలియని చోటి నుంచి వస్తోంది, జాగ్రత్త అని ఫోనే హెచ్చరించింది. నేను ఎన్నో ఏళ్లు ఇతరులకి చెప్పిన హెచ్చరికని నా వేలితోనే పక్కకి నెట్టాను. ఓటీపీ వచ్చినప్పుడు మాత్రం చేత్తో కప్పి కొట్టాను. రూతమ్మ పేరు, ఆవిడ పాస్‌పోర్టు, ఆవిడ ఫోటో. కోడ్ రాగానే కొట్టులో వంటావిడ స్కాన్ చేసింది. తనని స్నేహితుల్లో చేర్చి, తన బొమ్మ నొక్కితే తనకి ఫోన్ వెళ్తుందని రూతమ్మకి రెండుసార్లు చూపించింది. ఇక నా ఫోన్ రూతమ్మ తీసుకెళ్లాలి. బ్యాంకు యాపులు, జీవితమంతా అందులోనే ఉంది. "జాగ్రత్త, ఎవరికీ ఇవ్వకు" అన్నాను. "నీకంటే ఎక్కువే జాగ్రత్త అన్నయ్యా" అని రోడ్డు దాటింది. గార్డు బోర్డు మీది కోడ్‌తో ఆవిడ పేరు నమోదు చేయించి, ఫోన్లో వచ్చిన కోడ్ స్కాన్ చేశాడు. గేటు తెరుచుకుంది. రెండున్నరకి ఇంకా పది నిమిషాలుంది.

నేను స్టూలు మీద కూర్చున్నాను. ఫోన్ లేదు, భాష లేదు, ఒకసారి లేచి గుమ్మం దాకా వెళ్లబోతే వంటావిడ గరిటెతోనే కూర్చోమని చూపించింది. నూడుల్స్ బాగున్నాయి గానీ మిరియాలేవో నాలుకని మొద్దుబార్చాయి. చెల్లెలికి భాష రాదు, హాలు ఎక్కడో తెలియదు, దారి తప్పితే ఎవర్ని అడుగుతుంది? ఆ గంటసేపు నేను అనుమానించని విషయం లేదు.

మూడున్నర దాటాక వంటావిడ ఫోన్ మోగింది. వీడియో కాల్. ఆవిడ మంట తగ్గించి వచ్చి నా పక్కన కూర్చుని ఫోను ఇద్దరికీ కనపడేలా పట్టుకుంది. తెర నిండా రూతమ్మ మొహమే. వేదికని చూపించాలని ఎత్తి పట్టుకుంది గానీ, కెమెరా అటు తిప్పాలని ఎవరూ చెప్పలేదు. "కెమెరా తిప్పవే" అని అరిచాను. హాల్లో గోలకి ఆవిడకి వినపడలేదు. మళ్లీ అరవబోతే వంటావిడ నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఎవరో పేర్లు చదువుతున్నారు. వాళ్ల యాసలో ఏ పేరూ నాకు అర్థం కాలేదు. ఉన్నట్టుండి రూతమ్మ పెదవులు బిగుసుకున్నాయి, కళ్లు పెద్దవయ్యాయి, గడ్డం వణికింది, చప్పట్లు కొట్టబోయి చేతిలో ఫోనుందని గుర్తొచ్చి ఆగిపోయింది. గ్రేస్ పేరే పిలిచారు. నాకు వేదిక కనపడలేదు, పిల్ల కనపడలేదు. నాకు ఏడుపొచ్చింది. వంటావిడ కూడా కళ్లు తుడుచుకుంది, ఉల్లిపాయల చేతులతోనే.

నాలుగున్నరకి తల్లీకూతుళ్లు నల్లగౌనుతో సహా కొట్టుకి వచ్చారు. వంటావిడ ముందు రూతమ్మని చూసింది, తర్వాత తన ఫోన్లో ఖాతా బాగానే ఉందో లేదో చూసుకుంది, అప్పుడు నా వైపు తిరిగి ఇక లేవొచ్చని చెయ్యి ఊపింది. గ్రేస్ నాకు పట్టా చూపించి, "మీరు చూడలేదని బాధగా ఉందండి మావయ్యా" అంది. నాకూ బాధగానే ఉంది. అది నేను చేసుకున్నదే.

తిరిగొచ్చాక ఆ యాప్ తీసేశాను. ఆ యాప్ మీద నమ్మకం నాకిప్పటికీ లేదు, మన వివరాలు ఎటు పోతాయో ఆ దేవుడికే తెలియాలి. అయితే ఒకటి. అనుమానించడమంటే వద్దని చెప్పి తలుపేసుకోవడమే అని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ కొట్టావిడ నాకంటే తక్కువేమీ అనుమానించలేదు. నోటు రుద్దింది, మొహం పోల్చింది, మనిషిని కుదువపెట్టుకుంది. అన్నీ అయ్యాక సాయం చేసింది. నేను ఎప్పుడూ మొదటి సగంతోనే ఆగిపోయాను.

మీలో ఎవరి పిల్లలైనా అక్కడ చదువుతుంటే ఒక్క సలహా. టికెట్లు కొన్నరోజే వాళ్లతో మాట్లాడి, ఆ నెలలో ఈ మనిషి నాకు తెలుసని ఒప్పుకునే అవకాశం మీకోసం అట్టే పెట్టమనండి, వచ్చే ప్రతి మనిషికీ విడిగా ఒక ఖాతా చేయించండి, గేటు దగ్గర మాట్లాడుకోవచ్చులే అనుకోకండి. ఇవన్నీ చేసినా ఒక్కరికే దారి దొరికితే, తల్లిని పంపించి మీరు బయట కూర్చోండి.