వేసవిలో మనిషిని గుర్తుపట్టని లైట్లు

తీగా స్విచ్చూ లేకుండా మొదటి వెలుగును తన మాటతో పుట్టించిన దేవునికి స్తోత్రం. చీకట్లో మోకరించినవాణ్ణి కూడా చూడగలిగిన ఆయన కళ్లకు స్తోత్రం. నా చేతులతో నేను చేసిన చీకటిలోంచి ఒక మనిషి ప్రాణాన్ని తిరిగి ఇచ్చాడు గనుక, ఈ చేతులతోనే ఆయనకు వందనాలు రాస్తున్నాను.

నేను మస్కట్‌లో భవనాల మరమ్మతులు చూసే ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్‌ని. అల్ హైల్‌లోని ఒక నాలుగంతస్తుల భవనం నా వంతు. కింద దుకాణాలు, పైన కాపురాలు, అడుగున కార్లు నిలిపే బేస్‌మెంట్. జనవరిలో ఆ భవనం యజమాని కరెంటు బిల్లు పట్టుకుని వచ్చాడు. ఆయన్ని అందరం అర్బాబ్, అంటే యజమాని, అనే పిలుస్తాం. మెట్ల మీద, వరండాల్లో, బేస్‌మెంట్‌లో మనిషి ఉన్నా లేకపోయినా లైట్లు వెలుగుతూనే ఉంటాయని, ఆ ఖర్చు తగ్గించమని అడిగాడు.

పాత ట్యూబులన్నీ తీసేసి ఎల్ఈడీలు పెట్టాను. కప్పుకి సెన్సర్లు బిగించాను. కోడిగుడ్డును సగానికి కోసినట్టు తెల్లగా ఉంటాయవి. మనిషి వస్తే లైటు వెలుగుతుంది, వెళ్లిపోయిన కాసేపటికి ఆరిపోతుంది. రెండు చోట్ల మాత్రం సెన్సర్ పెట్టలేదు. బేస్‌మెంట్‌కి దిగే మెట్ల దగ్గర ఒక బల్బు, అడుగున పంప్ రూమ్ ముందు ఒక బల్బు. కిటికీ లేని చోట ఒక దీపం ఎప్పుడూ ఆరకూడదని నాకు పని నేర్పినాయన చెప్పాడు. ఆ మాట నాకు గుర్తుంది. గుర్తుండీ తప్పాను.

మా సంఘం శుక్రవారం కూడుతుంది. ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. ప్రభువు ఆ వారం చేసిన మేలును లేచి చెప్పాలి. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం నేను లేచాను. "ప్రభువు నా చేతిపనిని దీవించాడు. ఆ భవనంలో లైట్ల ఖర్చు సగానికి సగం పడిపోయింది" అన్నాను. అందరూ "స్తోత్రం" అన్నారు. ఒక పెద్దావిడ నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది.

అప్పటికి బిల్లే రాలేదు.

వచ్చాక చూస్తే బాగానే తగ్గింది, కానీ సగానికి రాలేదు, కొంచెంలో ఆగింది. నాకు నిద్ర పట్టలేదు. దేవుని సన్నిధిలో అబద్ధమాడి అక్కడికక్కడే పడి చనిపోయినవాళ్ల గురించి చిన్నప్పుడు సండే స్కూల్లో విన్న భయం మళ్లీ పట్టుకుంది. ఆ భయంతో నేను చేయాల్సింది లేచి నిలబడి దిద్దుకోవడం. ఆ పని చేయలేదు. చెప్పిన మాటనే నిజం చేద్దామనుకున్నాను. మర్నాడే వెళ్లి, మిగిల్చిన ఆ రెండు బల్బులను కూడా సెన్సర్ల కిందకి తెచ్చాను. లైటు ఎంతసేపు వెలగాలో చెప్పే చిన్న మరను అన్ని చోట్లా బాగా కిందికి తిప్పేశాను. తర్వాతి నెల బిల్లు నిజంగానే సగానికి దిగింది. ప్రభువు నా తప్పు కప్పాడనుకున్నాను.

ఆ భవనం వాచ్‌మన్ కడప మనిషి. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, ముస్లిం. చాచా అని పిలుస్తాను. గేటు వదిలి మసీదుకు పోవడం కుదరని రోజుల్లో, మధ్యాహ్నం మూడు దాటాక వచ్చే అసర్ నమాజును బేస్‌మెంట్‌లోనే చేసుకుంటాడు. పంప్ రూమ్ ముందు ఒక కారు జాగా ఖాళీగా ఉండేది. ఆ కారాయన కారును స్నేహితుడి దగ్గర వదిలి, సెలవు మీద వాళ్ల దేశం వెళ్లాడు. చాచా అక్కడే చాప పరుచుకునేవాడు.

జూన్‌లో చాచా ఫోన్ చేశాడు.

"ఏం అబ్బీ, ఎండకు తాళలేరని సైట్లో పనోళ్లకు ఇచ్చినట్టు నీ లైట్లకు గూడా మద్దేనం బ్రేకు ఇచ్చినారా ఏంది? పొద్దున వెలగతాయి, ఎండెక్కితే ల్యా. చేతులు ఊపీ ఊపీ నా రెట్టలు పడిపోయినాయి."

"దుమ్ము వట్టిందేమో చాచా. జర బట్టతోని తుడువు."

"రెండు తూర్లు తుడిసినా. అది నన్ను మనిషి కింద లెక్కెయ్యడం ల్యా."

"శుక్రవారం అస్త" అన్నాను. ఆ శుక్రవారం వెళ్లలేదు, దాని తర్వాతి శుక్రవారమూ వెళ్లలేదు. డ్యూటీ అని చెప్పాను. నిజానికి భయం. సెన్సర్లు పనిచేయడం లేదంటే తీసేయాలి, తీసేస్తే బిల్లు పెరుగుతుంది, పెరిగితే నా సాక్ష్యం నిలబడదు.

మూడో శుక్రవారం ఆరాధన అయ్యాక వెళ్లాను. మధ్యాహ్నం మూడున్నర దాటింది. గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది, దాని మీద చాచా ఫోన్ ఉంది. "చాచా" అని కేకేశాను. జవాబు లేదు. బేస్‌మెంట్ మెట్ల తలుపు తీశాను.

లోపల పట్టపగలే చీకటి. సెన్సర్ కింద నిలబడి చేయి ఊపాను. వెలగలేదు. రెండు చేతులూ ఊపాను, గెంతాను. ఎండలోంచి వచ్చిన కళ్లకి మొదటి మెట్టు కూడా కనిపించలేదు. మెట్లలో కొలిమిలా వేడిగా ఉంది. చాచా ఈ మెట్ల మీదే జారిపడి ఉంటాడని ఒక్కసారిగా అనిపించింది. గోడ పట్టుకుని, కింద కాలికి ఏదైనా మెత్తగా తగులుతుందేమోనని హడలిపోతూ ఒక్కో మెట్టూ దిగాను. జేబులో ఫోన్ ఉందని, దానికి టార్చి ఉందని తోచలేదు. భయం మనిషిని అంత చేస్తుంది.

అడుగుకి చేరాను. కార్లు దిగే వాలు మీంచి పడే వెలుగు మొదటి స్తంభాల దగ్గరే ఆగిపోయింది. దూరంగా, పంప్ రూమ్ ముందు, నేల మీద తెల్లగా ఏదో ఉంది. కాసేపటికి అది చాచా టోపీ అని తెలిసింది. ఆయన నుదురు నేలకానించి సాష్టాంగంలో ఉన్నాడు. హమ్మయ్య అనుకునేలోపే వాలు మీద టైర్ల చప్పుడు వినిపించింది.

పాత కారు. లైట్లు వేయలేదు. మండే ఎండలోంచి దిగుతున్నాయనకి లోపల ఏమీ కనిపించదని నాకు తెలుసు, ఇప్పుడే నాకూ కనిపించలేదు. ఆ కారు నేరుగా పంప్ రూమ్ వైపు తిరిగింది. ఆ జాగా ఆయనదే. సెలవు అయిపోయి ఆ పొద్దునే దిగాడని తర్వాత తెలిసింది.

అరవబోతే గొంతు రాలేదు. పరుగెత్తాను. నా తలమీదున్న సెన్సర్లలో ఒక్కటి కూడా నన్ను చూడలేదు. "యేసయ్యా" అనే ఒక్క మాట ఎక్కడినుంచో వచ్చింది. కారు ముందు పడి రెండు అరచేతులతో బానెట్‌ని కొట్టాను. కీచుమని ఆగింది. చాచా పాదాలకీ ముందు చక్రానికీ మధ్య నా కాళ్లు మాత్రమే ఉన్నాయి.

"అంధే హో క్యా భాయ్? మరనా హై?" గుడ్డివాడివా, చావాలని ఉందా అని కారాయన తల బయటపెట్టి హిందీలో అరిచాడు. నా వెనకనున్న మనిషిని ఆయన అప్పటికీ చూడలేదు. వేలితో చూపించాను. కారు దిగి చూసి, అక్కడే నేలమీద కూలబడ్డాడు.

చాచా లేవలేదు. నమాజు పూర్తిచేసి, కుడికీ ఎడమకీ తల తిప్పి సలాం చెప్పి, అప్పుడు మావైపు చూశాడు.

"నువ్వా అబ్బీ అరిసింది? యాడన్నా పిల్లి తోక తొక్కినారేమో అనుకొంటి."

నాకు ఏడుపొచ్చింది. "చాచా, ఈడ ఎప్పటికి ఎలిగే బల్బుండె గదా. దాన్ని ఆర్పింది నేనే."

"యాల?"

ఎందుకో చెప్పకుండా తలెత్తి ఆ ఆరిన బల్బు వైపు చూశాను. ఆయనే నా భుజం మీద చేయి వేశాడు. కారు ఎంత దగ్గరగా ఆగిందో అప్పుడే చూశాడు.

"మళ్లీ పెట్టు" అన్నాడు మెల్లగా. "నేను దేవుడి ముందర వొంగినప్పుడు చేతులు ఊపలేను గదా."

ఆ సాయంత్రమే నిచ్చెన తెచ్చి ఆ రెండు బల్బులనూ సెన్సర్ నుంచి విడదీసి, ఎప్పుడూ వెలిగేలా కలిపాను. పాత పెట్టెలో సెన్సర్ తాలూకు కాగితం దొరికింది. రోజూ తెల్లవారుజామున లేచి వాక్యం చదివే నేను ఆ కాగితం ఒక్కసారి కూడా విప్పలేదు. ఈ రకం సెన్సర్ మనిషిని చూడదు, వేడిని చూస్తుంది. చల్లని గోడ ముందు వెచ్చని ఒళ్లు కదిలితే దానికి తెలుస్తుంది. గోడే ఒంటంత వేడెక్కితే మనిషికీ గోడకీ తేడా తెలియదు. జనవరిలో చూసింది, జూన్‌లో గుడ్డిదైంది. ఏసీ లేని మెట్లకి, బేస్‌మెంట్‌కి వేడితో పనిలేని వేరే రకం పెట్టాల్సింది. ఇంకో మాట. ఖర్చులో పెద్ద భాగం ట్యూబులు మార్చడంతోనే తగ్గింది. ఆ రెండు చిన్న ఎల్ఈడీలను ఆర్పి నేను మిగిల్చింది చాలా కొంచెం. ఆ కొంచెం కోసం చాచాను చక్రం కింద పెట్టాను.

అర్బాబ్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "ఆ బల్బు ఆర్పమని నేను చెప్పానా?" అన్నాడు హిందీలో. లేదన్నాను. ఫోన్ పెట్టేశాడు. రుసైల్‌లో ఉన్న తన గోదాం లైట్ల పని నాకే ఇస్తానన్నాడు ఇదివరకు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇది రాస్తున్నది గురువారం. రేపు సాక్ష్యాల సమయం వస్తుంది. నేను లేచి, ఫిబ్రవరిలో చెప్పింది అప్పటికి నిజం కాదని, దాన్ని నిజం చేయబోయి ఒక మనిషిని చంపబోయానని చెప్పాలి. ఆ పెద్దావిడ ముందు వరుసలోనే కూర్చుంటుంది. ఆమె ముఖం తలుచుకుంటే లేవగలనా అనిపిస్తోంది. ఆ రోజు కారును చూసి అరవబోతే గొంతు రాలేదు. రేపూ అలాగే అవుతుందేమోనని భయం.

ఇంతదాకా చదివిన మీరు మీ భవనంలో కిటికీ లేని మెట్ల దగ్గర ఒక్క దీపం వెలుగుతోందో లేదో చూసి రండి. వచ్చాక నాతోపాటు తల వంచండి. ఏ ప్రార్థనైనా సరే, మీకు వచ్చిన మాటల్లోనే. చీకట్లో వంగిన ఆ పెద్దాయన క్షేమం కోసం, రేపు నా నోరు తెరుచుకోవడం కోసం, దయచేసి నాతో కలిసి ప్రార్థించండి.